వంకర కూరగాయలు నాసిరకమా?

కాదు, ఆకారం వంకరగా ఉన్నంత మాత్రాన కూరగాయలో రుచి, పోషకాలు తగ్గవు. పెరిగేటప్పుడు మొక్కకు ఎదురైన ఇబ్బందిని ఆ ఆకారం చూపిస్తుంది, అంతే. క్యారెట్ గింజ మొలకెత్తగానే వేరు నేరుగా కిందికి దిగుతుంది. దాని కొసకు రాయి తగిలినా, మట్టి గట్టిగా ఉన్నా రెండు మూడు కాళ్లుగా చీలిపోతుంది. లోతైన కుండీలో నాలుగు గింజలు వేసి చూడండి, మూడు నెలల్లో మీ చేతికే ఇలాంటిది ఒకటి రావచ్చు. నునుపుగా, ఒకే సైజులో ఉంటేనే నాణ్యమైనదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎక్కువగా ప్యాకింగ్, అమ్మకం సులువు కోసం పెట్టుకున్న కొలత. మనం అలాంటివే ఏరుకుంటే, అదే నీళ్లతో, అదే కష్టంతో పండిన మిగతా పంటకు రైతుకు ధర రాదు. కొంత పొలంలోనే వదిలేయాల్సి వస్తుంది. కుళ్లు, బూజు ఉంటే మాత్రం కొనకండి, అది వేరే సంగతి.