1972 బీటిల్ కుదుపులు: స్కానర్‌కు అందని జబ్బు

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటున్నాను. నా దగ్గర 1972 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంది, ఇంజిన్ 1600 సీసీ. ఐడిలింగ్ బాగానే ఉంది, ఒకే వేగంతో పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. యాక్సిలరేటర్ తొక్కగానే మాత్రం ఒక క్షణం చచ్చుబడి, ఆ తర్వాత కుదుపులతో ముందుకు లాగుతోంది. కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లను చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను. ఇంజిన్ అరలో గుండ్రటి సాకెట్ ఒకటి కనిపించింది కాని, స్కానర్ దానికి సరిపోవడం లేదు. ఏ అడాప్టర్ కొనాలి? కార్బురేటర్ మార్చేయమని తెలిసినవాళ్లు అంటున్నారు, మార్చేయమంటారా?

సమాధానం: ముందు అడాప్టర్ సంగతి తేల్చేద్దాం. మీరు చూసినది నిజంగానే డయాగ్నోస్టిక్ సాకెట్. డీలర్ వర్క్‌షాపులో ఉండే పెద్ద యంత్రం తీగను దానికి తగిలిస్తే, బ్యాటరీ, కాయిల్, జనరేటర్ల పరిస్థితిని ఆ యంత్రమే కొలిచి చెప్పేది. కారులో మాత్రం తప్పును పసిగట్టి కోడ్ రూపంలో దాచిపెట్టే కంప్యూటర్ ఏదీ లేదు. మీ స్కానర్ వెతికే ఓబీడీ-2 వ్యవస్థ అమెరికాలో తప్పనిసరి అయింది 1996 మోడళ్ల నుంచి. కాబట్టి ఏ అడాప్టర్ కొన్నా ప్రయోజనం లేదు. స్కానర్‌ను వాపసు ఇచ్చి, ఒక టైమింగ్ లైటు (నిప్పురవ్వ ఎప్పుడు పడుతోందో చూపేది), ఒక ఫీలర్ గేజ్ (సన్నటి సందులను కొలిచే రేకులు), డ్వెల్ కోణం చూపే మల్టీమీటర్ తెచ్చుకోండి.

కార్బురేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఈ కార్లలో కార్బురేటర్ మీదకు నెట్టే నేరాలలో చాలావాటికి అసలు దోషి ఇగ్నిషన్, అంటే నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. కుదుపు ఫస్ట్ గేరులో క్లచ్ వదిలేటప్పుడే వస్తూ, మిగతా గేర్లలో రాకపోతే అది ఇంజిన్ జబ్బు కాదు. క్లచ్ కేబుల్ వెళ్లే బౌడెన్ గొట్టానికి కొద్దిగా వంపు ఉండాలి, అది సాపుగా ఉంటే క్లచ్ వణుకుతుంది. గేర్‌బాక్స్ మౌంటింగులు చచ్చినా, క్లచ్ ప్లేటుకు ఆయిల్ అంటినా ఇదే తీరు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది ఇంజిన్ వ్యవహారమే అనిపిస్తోంది కాబట్టి అటే వెళ్దాం.

రాత్రంతా చల్లారిన ఇంజిన్‌కు వాల్వ్ క్లియరెన్సు (వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య సందు) 0.15 మిల్లీమీటర్లకు సరిచేయండి. తర్వాత, నిప్పురవ్వను సిలిండర్లకు వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్ల (కాయిల్‌కు కరెంటును కలిపి తెంచే స్విచ్చు) గ్యాపు 0.4 మిల్లీమీటర్లు, డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) 44 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి, టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం) ఆ తర్వాతే. పాయింట్లు కదిపితే టైమింగ్ కూడా కదులుతుంది కాబట్టి ఈ వరుస తప్పితే చేసిన పని మళ్లీ చేయవలసి వస్తుంది.

మూత తీసినప్పుడు లోపలి సన్నటి తీగలను వెలుతురులో పరీక్షగా చూడండి. వాక్యూమ్ అడ్వాన్సు (ఇంజిన్ పీల్పుతో నిప్పురవ్వను ముందుకు జరిపే ఏర్పాటు) పనిచేసినప్పుడల్లా పాయింట్లున్న ప్లేటు కొద్దిగా తిరుగుతుంది, దానితోపాటు ఈ తీగలూ వంగుతాయి. ఏళ్ల తరబడి వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి పోగులు తెగిపోతాయి. ప్లేటు కదలనంతసేపూ కరెంటు పారుతుంది, తొక్కగానే ప్లేటు తిరిగి ఒక్క లిప్తపాటు తెగుతుంది, ఇంజిన్ మిస్ కొడుతుంది. ఐడిలింగ్‌లో ఏ మెకానిక్ చూసినా ఇది దొరకదు. వాక్యూమ్ గొట్టం కార్బురేటర్ వైపు కొస ఊడదీసి నోటితో పీల్చి చూడండి. ప్లేటు జరగాలి, కొసను నాలుకతో మూసినంతసేపు అది వెనక్కి రాకూడదు. వస్తే డిస్ట్రిబ్యూటర్ పక్కనుండే వాక్యూమ్ డబ్బాలోని డయాఫ్రం (పలుచటి పొర) చిరిగినట్టే. గొట్టాలు రెండుంటే డిస్ట్రిబ్యూటర్‌కు దూరంగా ఉన్న వైపుదే అడ్వాన్సు గొట్టం.

ఒకవేళ డిస్ట్రిబ్యూటర్ పక్కన ఆ గుండ్రటి వాక్యూమ్ డబ్బాయే లేకపోతే, జవాబు దాదాపు దొరికినట్టే. పాత యజమానులు చాలామంది అసలుది తీసేసి బాష్ 009 రకం డిస్ట్రిబ్యూటర్‌ను బిగించుకున్నారు. దానిలో ఉన్నది ఇంజిన్ వేగాన్ని బట్టి విచ్చుకునే గుండ్ల అడ్వాన్సు మాత్రమే. మీరు పెడల్ తొక్కిన క్షణంలో థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిదారి తెరిచే రేకు) తెరుచుకుంటుంది కాని ఇంజిన్ వేగం ఇంకా పెరగదు, గుండ్లు కదలవు, నిప్పురవ్వ ఆలస్యంగానే పడుతుంది. మీ ఇంజిన్‌తో వచ్చిన సోలెక్స్ 34 పిక్ట్-3 కార్బురేటర్‌ను వాక్యూమ్ అడ్వాన్సును లెక్కలో పెట్టుకునే తయారుచేశారు. ఈ రెండింటినీ జతచేస్తే మీరు వర్ణించిన చచ్చుబాటే వస్తుంది. కార్బురేటర్ జెట్లు (పెట్రోలు పారే సన్న రంధ్రాలు) పెంచి దాన్ని కప్పిపుచ్చడం నాకు నచ్చని పద్ధతి, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, రోగం అక్కడే ఉంటుంది. వాక్యూమ్ ఉన్న డిస్ట్రిబ్యూటర్ పెట్టించడమే సరైన వైద్యం.

ఇగ్నిషన్ నిర్దోషి అని తేలితేనే కార్బురేటర్ వంతు, అందులోనూ మొదట యాక్సిలరేటర్ పంపు, అంటే పెడల్ తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మేది. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, ఎయిర్ క్లీనర్ తీసి, చోక్ రేకును వేలితో తెరిచి పట్టుకుని థ్రాటిల్‌ను చేత్తో తిప్పండి. సన్నటి పెట్రోలు ధార వెంటనే పడాలి, గోడలకు తగలకుండా థ్రాటిల్ సందులోకి నేరుగా దిగాలి. మీ ఫోన్ ఇక్కడ నిజంగా అక్కరకు వస్తుంది. స్లో మోషన్‌లో వీడియో తీస్తే, కంటికి చిక్కని ఆలస్యం, మధ్యలో తెగే ధార, గోడకు కొట్టుకునే ధార స్పష్టంగా కనిపిస్తాయి. ధార బలహీనంగా ఉంటే డయాఫ్రం మార్చండి, చాలా చవకైన పని. దగ్గరలో మంట, సిగరెట్టు లేకుండా చూసుకోండి.

ఆ తర్వాత మ్యానిఫోల్డు, అంటే కార్బురేటర్ నుంచి సిలిండర్లకు పెట్రోలు గాలిని తీసుకెళ్లే గొట్టాలు. రెండు పక్కల గొట్టాలను మధ్య గొట్టంతో కలిపే రబ్బరు తొడుగులు పగిలితే ఇంజిన్ అక్కడ గాలి లాగుతుంది. కొందరు వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి పరీక్షిస్తారు, అది మండే పదార్థం కాబట్టి నేను సిఫారసు చేయను. నీళ్ల తుంపర చాలు, తొడుగు మీద పడగానే ఇంజిన్ శబ్దం మారితే లీకు అక్కడే.

కుదుపు చలి ఉదయాల్లోనే ఎక్కువగా ఉంటే ఇంకొకటి చూడాలి. ఇది గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి మ్యానిఫోల్డును వెచ్చబెట్టడానికి వేడినీళ్లు లేవు, ఆ పని సైలెన్సర్ వైపు నుంచి పొగను తెచ్చే సన్నటి గొట్టం చేస్తుంది. అది మసి పట్టి పూడుకుపోతే, ఇంజిన్ బాగా నడిచాక కూడా కార్బురేటర్ కింది భాగం చల్లగా చెమర్చి ఉంటుంది.

పెట్రోలు గొట్టాలను వయసు తెలియకపోతే ఏ ఆలోచనా లేకుండా మార్చేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు నిలవదు, ఇంజిన్ అరలో కారిన పెట్రోలు వల్ల కాలిపోయిన బీటిళ్లు తక్కువేమీ కాదు. ఫిల్టర్‌ను డిస్ట్రిబ్యూటర్ పక్కన వేలాడదీసి ఉంటే అక్కడి నుంచి తీయించండి.

ఒకసారి ఒక్క మార్పే చేసి, అదే దారిలో నడిపి చూడండి. ఇవన్నీ సరిగా ఉండి కూడా కుదుపు పోకపోతే, థ్రాటిల్ కడ్డీని పట్టుకుని అటూ ఇటూ కదపండి. అది వదులుగా ఊగుతుంటే కార్బురేటర్ అరిగినట్టు. అప్పుడు కూడా చవక నకలు కొనడం కన్నా, మీ దగ్గరున్న అసలు సోలెక్స్‌కే కొత్త బుషింగులు (ఆ కడ్డీ తిరిగే తొడుగులు) వేయించడం మేలు.