తుఫాను వస్తోందంటే తీరంలోని ఊళ్లవాళ్లు ఎలా సిద్ధమవుతారు?

మన కోస్తాలో పెద్దవాళ్లు గాలి కంటే ఉప్పెనకే ఎక్కువ భయపడతారు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టనపెట్టుకున్నది ముఖ్యంగా ఇళ్ల మీదికి వచ్చిపడ్డ సముద్రమే. ఆ తర్వాతే తీరం వెంబడి తుఫాను షెల్టర్లు పెద్దఎత్తున కట్టారు. నీళ్లు కిందనుంచి పోయేలా చాలావాటిని స్తంభాల మీద లేపారు.

హెచ్చరిక రాగానే వేట ఆపేస్తారు. పడవల్ని ఒడ్డు మీదికి బాగా పైకి లాగి తాళ్లతో కడతారు, వలలు, ఇంజన్లు ఇంటికి చేరుస్తారు. ఇల్లు వదలమంటే కొందరు మొండికేసేది కూడా ఆ పడవ కోసమో, గొడ్ల కోసమో. పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికలు నిజానికి ఓడల కోసం, కానీ పెను ప్రమాదాన్ని సూచించే పదో నంబరు అని టీవీలో వినగానే ఊరంతా టెన్షన్.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖకు ఇంకో పాఠం నేర్పింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు, పాలకీ పెట్రోలుకీ క్యూలు. అందుకే ఇప్పుడు ముందురోజే ట్యాంకు నింపుకుంటారు, చేతిలో కొంత నగదు ఉంచుకుంటారు.

తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య ప్రశాంతంగా ఉండే భాగం, ఊరి మీదుగా వెళ్తే గాలి ఒక్కసారిగా ఆగుతుంది. అయిపోయిందనుకుని బయటికి రావద్దు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అందుకుంటుంది.