గుర్రమంటే భయపడుతున్న నాలుగేళ్ల పాప

గుర్రం ఫుర్రుమని చీదగానే పాప హడలిపోయి, ఇప్పుడు దగ్గరికే రానంటోందని రాశారు కదండీ. ఎక్కించే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ చీదడం చాలాసార్లు కోపం కాదని చెప్పి, కంచె ఇవతలి నుంచే చూడనివ్వండి.

ముందు చెవులు చూపించండి. ముందుకు నిక్కబొడుచుకుంటే దేన్నో ఆసక్తిగా గమనిస్తోందని. వెనక్కి తలకు అతుక్కుపోయేలా వాల్చితే చిరాకు, దూరంగా ఉండాలి. "ఇప్పుడు ఏ మూడ్‌లో ఉందో చెప్పు" అని అడగండి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. నా లెక్కలో సగం టెన్షన్ అక్కడే పోతుంది.

దగ్గరికి వెళ్లేటప్పుడు మాట్లాడుతూ, భుజం వైపు నుంచి వెళ్లాలి. కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటంతో సరిగ్గా వెనకాల, ముక్కు ముందర ఉన్నవి దానికి కనిపించవు. ముఖం మీదికి చేయి చాపితే ఉలిక్కిపడేది అందుకే. మొదట మీరు మెడ నిమరండి, తర్వాత మీ చేతి మీద పాప చేయి. మేత పెట్టడం మాత్రం యజమాని సరేనంటేనే, అరచేయి చదునుగా చాపి. వేళ్లు మడిస్తే వాటినీ కొరికేయగలదు.

"అది అసలు పడుకోదా?" అన్న పాప ప్రశ్నకు: కాళ్ల కీళ్లు బిగించుకుని నిలబడే కునుకు తీస్తుంది, గాఢనిద్రకు మాత్రం కాసేపు నేల మీద పడుకోవాల్సిందే.