మా తొమ్మిది నెలల ల్యాబ్రడార్ కుక్క (ల్యాబ్) ఇల్లు పీకి పందిరేస్తోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న మా ఆవిడకి చదివి వినిపిస్తే "ఇది మన బంటీ కథే కదా" అంది. సోఫా దూది బయటికొచ్చింది, మూడు జతల చెప్పులు పోయాయి, ఎవరొచ్చినా మీదకి దూకుతోంది, కొట్టినా లెక్కచేయడం లేదు, ఎవరికైనా ఇచ్చేద్దామంటున్నారు ఇంట్లో, అంతేగా? మాది నెల్లూరు, మా ల్యాబ్ బంటీగాడికిప్పుడు మూడేళ్ళు. ఇచ్చేద్దామన్న మాట మా ఇంట్లోనూ రెండుసార్లు వచ్చింది.

పళ్ళొస్తున్నాయి, అందుకే కొరుకుతోందని మీకు చాలామంది చెప్పుంటారు. 28 పాలపళ్ళు రాలిపోయి 42 అసలు పళ్ళు రావడం ఆరేడు నెలలకే అయిపోతుంది, మీ కుక్క వయసుకి ఆ సాకు చెల్లదు. ఇప్పుడున్నది కుర్రతనం, దానికి తోడు పనీపాటా లేకపోవడం.

ఒకరోజు బంటీ మా నాయన కొత్త తోలు చెప్పు నోట కరుచుకుని పెరట్లోకి ఉరికాడు. వెనక నేను, నా వెనక మా అబ్బాయి, గుమ్మంలో నిలబడి మా అమ్మ కేకలు. వాడు వేపచెట్టు చుట్టూ తిరుగుతాడు, ఆగుతాడు, ముందుకాళ్ళు నేలకానించి వెనకభాగం పైకెత్తి తోక ఊపుతాడు, దగ్గరికి పోతే మళ్ళీ పరుగు. అప్పుడు వెలిగింది నాకు. పొద్దుట్నుంచి పలకరించే దిక్కులేదు, చెప్పు పట్టుకుంటే మాత్రం ఇల్లంతా వెంటపడుతోంది, ఇక వాడెందుకు వదులుతాడు! ఆ రోజు నుంచి తరమడం మానేశాం. ఏది పట్టుకున్నా, ఉప్పూకారం లేకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్ ముక్క చూపించి "వదులు" అనడం, వదిలాక ఇవ్వడం. చెప్పులన్నీ తలుపున్న అరలోకి పోయాయి. పది రోజులకి, బయట మర్చిపోయిన చెప్పుని వాడే తెచ్చి నా ముందు పెట్టి ముక్క కోసం కూర్చునేవాడు. అదో రకం దొంగతెలివి, అయినా చెప్పు చిరగలేదు కదా.

అలసిపోతే పడుకుంటాడని సాయంత్రం గంటసేపు బంతి విసిరేవాణ్ణి, అది నేను చేసిన పెద్ద తప్పు. ఇంటికొచ్చాక ఇంకా రెచ్చిపోయేవాడు. బంతి తగ్గించి, బెల్టు వదులుగా పట్టుకుని పెన్న ఒడ్డున నిదానంగా నడిపిస్తూ, ఆగిన చోటల్లా వాసన చూడనిచ్చాక, ఇంటికి రాగానే గడపలోనే కూలబడి నిద్రపోయేవాడు. మే నెలలో మాత్రం తెల్లవారి ఐదింటికే. రోడ్డు మీద మీ అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్ళూ కాలతాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫ్యాన్ కింద, పిల్లలు కదిలించని గదిలో పడుకోబెట్టండి. నిద్ర చాలని కుర్రకుక్క ఇంకా పిచ్చిగా చేస్తుంది.

తిండి గిన్నెలో పెట్టడం కూడా ఆపేశాం. పాత లుంగీకి ముడులేసి లోపల డాగ్ ఫుడ్ గింజలు పెడితే ఇరవై నిమిషాలు కుస్తీ పట్టేవాడు, నేను తెగ సంబరపడ్డా. నాలుగోరోజు దండెం మీదున్న మా నాయన లుంగీ లాగేసి గింజల కోసం వెతికాడు! అప్పట్నుంచి అట్టపెట్టెలే. అవి కూడా మీరు ఎదురుగా ఉన్నప్పుడే ఇవ్వండి.

ఇక దూకడం. మా పాలావిడ మీదకి ఎక్కితే క్యాను దొర్లి గడప నిండా పాలు, ఆమె నెల రోజులు గేటు బయటే నిలబడింది. వాడు దూకినప్పుడు అరిచినా, చేత్తో నెట్టినా ఆటే అనుకుంటాడు. వెనక్కి తిరిగి మాట్లాడకుండా నిలబడాలి, నాలుగు కాళ్ళూ నేలమీదుంటేనే పలకరింపు. ఎవరైనా వచ్చేముందు బెల్టు వేసి పట్టుకోండి. మా ఇంట్లో అందరూ పాటించారు, మా నాయన తప్ప. "పసిబిడ్డ, రానీలేరా" అని గుండెల మీదకి ఎక్కించుకునేవాడు, అందుకే మూడు వారాల్లో అయ్యేది మూడు నెలలు పట్టింది. మీ ఇంట్లో పెద్దాయనతో ముందే మాట్లాడుకోండి.

కొట్టడం మటుకు మానేయండి. కొట్టాక మా వాడు దొంగిలించడం మానలేదు, మంచం కిందికి పోయి దొరికింది గబగబా మింగడం నేర్చాడు. ఒకసారి సాక్సు మింగి రెండు రోజులు వాంతులు. మామిడికాయల రోజుల్లో టెంకలు కూడా అందనీయకండి, పేగుకి అడ్డంపడితే ఆపరేషనే. ఏదైనా మింగి వాంతులు చేసుకుంటూ తిండి ముట్టకపోతే చూద్దాంలే అనుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ల్యాబ్ నెమ్మదించేసరికి రెండేళ్ళు పడుతుంది. అందాకా మా నెల్లూరోళ్ళ మాటలో చెప్పాలంటే, ఆ సోఫా బాగుచేయించబాకండి.