పాత కంట్రోలర్లు పనిచేస్తాయని చెప్పి కన్సోల్ అమ్మారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది విశాఖ, గాజువాక. గత నెల డాబా గార్డెన్స్‌లో ఒక షాపులో సోనీ వాళ్ల గేమ్ కన్సోల్ పీఎస్5 కొన్నాను. ఇంట్లో పీఎస్4 నాటి డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్లు మూడున్నాయి. అవి దీనికి పనిచేస్తాయా అని కొనేముందు వాట్సాప్‌లో అడిగితే "అన్నీ పనిచేస్తాయి సార్, డౌటే లేదు" అన్నారు. తీరా పీఎస్5 గేము పెడితే వాటితో ఆడనివ్వడం లేదు, మా పాత స్టీరింగ్ వీల్ మాత్రం పనిచేస్తోంది. షాపువాళ్లేమో బాక్సు విప్పేశారు, వెనక్కి తీసుకోం, కంపెనీనే అడుక్కోండి అంటున్నారు. బిల్లు మా బావ ఫర్నిచర్ షాపు పేరు మీద, జీఎస్టీ నంబరుతో ఉంది, డబ్బులు మాత్రం నావే. కంపెనీ మీద, షాపు మీద కేసు వేయొచ్చా?

జవాబు: కంపెనీ మీద కూడా కేసు అంటున్నారు కాబట్టి ముందు ఆ సంగతి తేల్చేద్దాం. పీఎస్5 మార్కెట్లోకి రాకముందే, 2020 ఆగస్టులోనే, సోనీ ఈ ముక్క బయటపెట్టింది. డ్యూయల్‌షాక్ 4తో పీఎస్5 మీద పీఎస్4 గేములు ఆడుకోవచ్చు, పీఎస్5 గేములు ఆడలేరు. సోనీ లైసెన్సు ఉన్న స్టీరింగ్ వీల్స్, ఆర్కేడ్ స్టిక్స్ అయితే పీఎస్5 గేములకూ పనిచేస్తాయి. కొత్త గేములు కొత్త కంట్రోలర్‌లోని సౌకర్యాలను వాడుకోవాలన్నది వాళ్లు చెప్పిన కారణం. వీల్ పనిచేస్తుంటే కంట్రోలర్‌కి ఏమొచ్చింది, కొత్తది కొనిపించడానికే కదా అని మీకు అనిపించడంలో తప్పులేదు, నాకూ అనిపించింది. అటు మైక్రోసాఫ్ట్ తన పాత కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లను కొత్త కన్సోళ్లు సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లలో మామూలుగా వాడుకోనిచ్చింది కూడా. కానీ పాత సామాను కొత్త మెషీన్‌కి పనిచేసి తీరాలని చెప్పే చట్టం మనకి లేదు, పైగా ముందే చెప్పి అమ్మినవాళ్లని మోసం చేశారని అనలేం. కంపెనీని వదిలేయండి.

షాపు విషయం అలా కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(10) 'లోపం' అంటే ఏమిటో చెబుతుంది. వస్తువు పాడైతేనే లోపం అనుకుంటారు చాలామంది, షాపువాళ్లు కూడా అలాగే మాట్లాడతారు. చట్టం మాత్రం, అమ్మేవాడు ఆ వస్తువు గురించి ఏ రూపంలో ఏం చెప్పుకున్నా ఆ మేరకు అది లేకపోతే అదీ లోపమే అంటుంది. సెక్షన్ 2(47) ఇంకా సూటిగా ఉంటుంది: లేని ఉపయోగం ఉందని నోటిమాటతోగానీ, రాతలోగానీ, ఎలక్ట్రానిక్ రికార్డులోగానీ చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. వాట్సాప్ మెసేజ్ ఇందులోకి చక్కగా వస్తుంది. అంటే మీ కేసు కంట్రోలర్ ఎందుకు పనిచేయడం లేదన్నది కాదు, మీరు డబ్బు కట్టకముందు ఆ షాపాయన ఏమన్నాడన్నది. బాక్సు విప్పకుండా ఏ కంట్రోలరూ పెట్టి చూడలేం కాబట్టి 'విప్పేశారు' అన్న సాకు వినియోగదారుల కమిషన్ ముందు ఎక్కువసేపు నిలబడదు.

అయితే ఒక చిక్కుంది. మీరు "దీనికి పనిచేస్తాయా" అని అడిగారు, ఏ గేములకో అడగలేదు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే: పీఎస్4 గేములకు పనిచేస్తున్నాయి కదా, మావాడు చెప్పింది అబద్ధం కాదు అంటాడు. దానికి మీ జవాబు ఆ "అన్నీ", ఆ "డౌటే లేదు". ఆ చాట్‌లో ముందూ వెనకా మీరు ఏదైనా పీఎస్5 గేము పేరు ఎత్తి ఉంటే, లేదా అదే బిల్లులో పీఎస్5 గేము కూడా కొని ఉంటే మీ కేసు బలం రెట్టింపు అయినట్టే, అందుకని ఇవాళే కూర్చుని చాట్ మొత్తం చదవండి.

ఇక బిల్లు. నిజం చెప్పాలంటే నాకు టెన్షన్ ఇక్కడే. వ్యాపారం కోసం కొన్నవాడు ఈ చట్టం కింద వినియోగదారుడు కాడు, ఫర్నిచర్ షాపు పేరు, జీఎస్టీ నంబరు చూడగానే అవతలివాళ్లు ఆ మాట ఎత్తుతారు. అంతమాత్రాన కేసు పోదు. 2019లో లీలావతి కీర్తిలాల్ మెహతా మెడికల్ ట్రస్టు కేసులో, ఆసుపత్రి ట్రస్టు నర్సుల వసతికి ఫ్లాట్లు కొంటే అది వాణిజ్య అవసరం కాదంది సుప్రీంకోర్టు. కొన్నది ఎవరన్నది కాదు, ప్రధానంగా దేనికి కొన్నారన్నది చూడాలి. కొన్నవాళ్ల అనుమతితో వాడుకునేవాళ్లు కూడా వినియోగదారులే కాబట్టి మీ బావగారి చేత ఒక అఫిడవిట్ ఇప్పించండి, మీ ఖాతా నుంచి డబ్బు వెళ్లినట్టు యూపీఐ రికార్డు తీసుకోండి. అన్నిటికన్నా ముందు ఆయన ఆడిటర్‌ని అడగండి, ఈ బిల్లు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని షాపు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకున్నారేమో. సొంత వాడకానికి కొన్నదాని మీద అది తీసుకోకూడదు. తీసుకుని ఉంటే వెనక్కి కట్టించేయండి, లేకపోతే పన్ను దగ్గర వ్యాపారానికి, కమిషన్ దగ్గర ఇంటికి అన్నట్టుంటుంది, అక్కడే దొరికిపోతారు.

స్క్రీన్‌షాట్లు నంబరు, తేదీ కనబడేలా తీయండి, చాట్ డిలీట్ చేయకండి, ఫోను మార్చకండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టంత పట్టుదలగా ఉండవు గానీ, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే గొడవుండదు.

ఏం అడగాలి? నెల రోజులు ఆడాక కన్సోల్ మొత్తం వెనక్కి తీసుకోమంటే కష్టం. కన్సోల్‌తో ఒక కంట్రోలర్ వచ్చింది కాబట్టి ఇంకో రెండు కొత్త కంట్రోలర్ల ఖరీదు, ఖర్చులు అడగండి, అది దక్కే అవకాశం ఉంది. మానసిక వేదనకు రెండు లక్షలు అని మాత్రం రాయకండి, నవ్వుతారు. ముందు షాపుకి పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు, దాంతోపాటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు. చాలా షాపులు ఈ దశలోనే దారికొస్తాయి. రాకపోతే విశాఖ జిల్లా కమిషన్‌లో వేయండి, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయొచ్చు. కొన్న వస్తువు విలువ ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు. ఈలోగా మీ దగ్గరున్న గేములకి పీఎస్4 వెర్షన్ ఉందేమో చూడండి, చాలావాటికి రెండూ వచ్చాయి, ఆ వెర్షన్ పెడితే పాత కంట్రోలర్‌తోనే ఆడుకోవచ్చు.