ఆటలో జింకను చంపినా పాపం చేసినట్టే అనిపిస్తోంది

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 21, బీటెక్ చదువుతున్నాను. రాత్రిపూట రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే వీడియో గేమ్ ఆడుతుంటాను. అందులో గురి సరిగా కుదరకపోతే జింక వెంటనే చావదు, అరుస్తూ కొట్టుకుంటుంది. శత్రువులను కాల్చినా, వీళ్లకూ ఇల్లూ పిల్లలూ ఉంటారు కదా అనిపిస్తోంది. ఆటలో అంతకుముందు సేవ్ చేసిన (భద్రపరచిన) చోటికి వెనక్కి వెళ్లి ఆ జింకను బతికించుకుంటే తప్ప నిద్ర పట్టడం లేదు. పొద్దున్నే భద్రకాళి గుడికి వెళ్లి ప్రదక్షిణలు చేస్తున్నాను. నేను క్రూరంగా మారిపోతున్నానా డాక్టర్?

జవాబు: లేదు. క్రూరత్వం పెరుగుతున్న మనిషి జింక అరుపుకు నిద్ర పోగొట్టుకోడు. అది బొమ్మేనని బుద్ధికి తెలిసినా, అరుపు చెవిన పడగానే మనసుకు జాలి కలుగుతుంది. ఒగ్గుకథ వింటూ కళ్లు తుడుచుకునే పెద్దవాళ్లను మీరు చూసే ఉంటారు, వాళ్లదీ ఇదే గుణం. కాకపోతే కథలో మనం వినేవాళ్లం మాత్రమే, ఆటలో మీట నొక్కేది మన వేలే, చేతిలో కంట్రోలర్ అదిరేదీ అప్పుడే, కాబట్టి చేసింది నేనేనన్న భావన బలంగా నాటుకుంటుంది. ఆదివారం ఇంట్లో మటన్ వండినప్పుడు రాని బాధ (మీరు తింటారో లేదో రాయలేదు) ఇక్కడ రావడానికి కారణం అదే. పైగా ఆ ఆట తయారుచేసినవాళ్లు జంతువు బాధను, చర్మం ఒలవడాన్ని దగ్గరగా చూపించారు. హింసతో కూడిన ఆటలే హింసాత్మక ప్రవర్తనకు కారణమని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో స్పష్టం చేసింది.

నన్ను ఆలోచింపజేసింది మీ జాలి కాదు, దాన్ని కడుక్కోవడానికి మీరు చేస్తున్న పనులు. గుడికి వెళ్లడం జబ్బు కాదు. అయితే ప్రదక్షిణ చేయకపోతే, జింకను బతికించకపోతే మనసు కుదుటపడని స్థితి అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో, అంటే ఓసీడీలో కనిపిస్తుంది. అలా చేసినప్పుడు కలిగే ఉపశమనం కాసేపే ఉంటుంది, నిజంగానే తప్పు జరిగిందన్న నమ్మకాన్ని మాత్రం అది మరింత గట్టిపరుస్తుంది. బండి మీద వస్తూ ఎవరికైనా తగిలించానేమోనని వెనక్కి వెళ్లి చూసుకోవడం వంటి అనుమానాలు కూడా ఉన్నా, ఇవన్నీ కలిపి రోజుకు గంటకు పైగా పడుతున్నా మానసిక వైద్యులను కలవాలి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది.

ఈలోగా ఒక్క రాత్రి సేవ్‌కు వెనక్కి వెళ్లకుండా ఆట ఆపి చూడండి. బాధ మొదట పెరిగినా చాలామందిలో కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. ఓసీడీ చికిత్సలో ఈ సాధననే థెరపిస్టు దగ్గరుండి క్రమంగా చేయిస్తారు. మందులు అవసరమైతే వాటి ఫలితం పూర్తిగా తెలియడానికి 10 నుంచి 12 వారాలు పట్టవచ్చు. ఆట నచ్చకపోతే మానేయవచ్చు, ఆడినా అర్ధరాత్రి దాకా వద్దు, ఎందుకంటే నిద్ర తక్కువైతే ఇలాంటి ఆలోచనలు ముదురుతాయి. ఆటతో సంబంధం లేకుండా ప్రతిదానికీ నాదే తప్పనిపిస్తూ రెండు వారాలుగా దిగులు వదలకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక వారం పాటు ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి జింకను బతికించారో, ఎన్ని ప్రదక్షిణలు చేశారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.