లావణ్యకు, ట్రెమేలో భోజనానికి వెళ్లే ముందు

చిరంజీవి లావణ్యకు మేనత్త ఆశీర్వదించి రాయునది.

మార్చి సెలవుల్లో స్నేహితులతో కలిసి డాలస్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు కారులో వెళ్తున్నావనీ, పర్యాటకులు కిక్కిరిసే ఫ్రెంచ్ క్వార్టర్ వదిలి ట్రెమే పేటలోని ఒక చిన్న క్రియోల్, సోల్ ఫుడ్ రెస్టారెంట్‌లో తినాలని నువ్వే పట్టుబట్టావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకు చాలా సంతోషమైంది. ఆ ఊరి అసలు వంట ఎక్కడుందో నీ అంతట నువ్వు తెలుసుకున్నావు. కానీ రొయ్యలు ఒంటికి పడని నువ్వు మర్నాడు నాతో మాట్లాడుతూ, "చికెనూ కూరగాయలే కదా అత్తయ్యా తినేది, రొయ్యల జోలికి పోను, భయమెందుకు?" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. ఫోన్‌లో చెబితే "సరే, సరే" అని పెట్టేస్తావని తెలుసు కనుక కూర్చుని రాస్తున్నాను. ఓపికగా చదువు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. అలాంటి చోట్ల చాలావరకు మధ్యాహ్నం పూటే వడ్డిస్తారు, వారంలో కొన్ని రోజులు తెరవరు, మంచి వంటకాలు తొందరగా అయిపోతాయి. అందుచేత ముందే కనుక్కుని పెందలాడే చేరుకోండి. ప్లేటు అంటే ఒక మాంసం, దానికి తోడు రెండు సైడ్లు, పక్కన కార్న్‌బ్రెడ్. ఒక్కొక్కటి ఇద్దరికి సరిపోతుంది. టిప్పు 20 శాతం ఇవ్వండి, అందులో బేరం వద్దు.

ఏ రోజు వెళ్లాలన్నది మాత్రం చిన్న విషయం కాదు. మీరు వెళ్లేది ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో. ఆ ఊళ్లో కాథలిక్కులు ఎక్కువ. వాళ్లు శుక్రవారాలు మాంసం మానేసి చేపలు, రొయ్యలు, పీతలు తింటారు కనుక ఆ రోజు వంటగదిలో ఏ గరిటె ముట్టుకున్నా సముద్రమే. పైగా అది క్రాఫిష్ అనే రొయ్యలాంటి మంచినీటి జీవుల కాలం. నువ్వు సోమవారం వెళ్లు. సోమవారం ఆ ఊరంతా ఎర్ర రాజ్మా, అన్నం తింటుంది. పూర్వం సోమవారం చాకిరేవు రోజు. ఆడవాళ్లు బట్టలు ఉతుక్కునే పనిలో ఉంటే రాజ్మా కుండ సన్నని సెగ మీద తనంత తాను ఉడికేది. చాకిరేవు పోయినా వంట పోలేదు.

ఇక అసలు సంగతి. నీకు పడని వస్తువు అక్కడ పళ్లెంలో కనబడుతుందని, కనబడితే పక్కన పెట్టేయవచ్చని నువ్వు అనుకుంటున్నావు. ఆ వంట తీరు వేరు. ఫ్రెంచి వాళ్లు, స్పానిష్ వాళ్లు, పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు, అక్కడి ఆదివాసులు, వీళ్లందరి చేతులూ కలిసి ఆ నగరంలో తయారైనది క్రియోల్ వంట. దక్షిణాది నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా వండుకుంటూ వచ్చిన దానికి 1960లలో సోల్ ఫుడ్ అన్న పేరు వ్యాపించింది. ట్రెమేలో ఈ రెండూ ఒకే పొయ్యి మీద ఉడుకుతాయి. రెండింటికీ మూలం పొదుపు. రొయ్యలు ఒలిచాక తలలూ పెంకులూ పారేయరు, నీళ్లలో మరిగించి, స్టాక్ అనే ఆ రసంతోనే తర్వాతి వంట మొదలుపెడతారు. పంది తొడ మాంసం తినేశాక మిగిలిన ఎముక రాజ్మా కుండలోకి వెళ్తుంది. యజమానులు వదిలేసిన వాటి నుంచి రుచి పిండుకోవలసి వచ్చిన మనుషులు నేర్చుకున్న విద్య అది. కాబట్టి రొయ్య ఒక్కటీ కనబడని గిన్నెలో కూడా రొయ్య ఉండవచ్చు.

బెండకాయ కూర చూడగానే నీ ప్రాణం లేచి వస్తుంది, నాకు తెలుసు. అక్కడ బెండకాయలను ఉల్లిపాయ, టమాటాలతో మగ్గబెట్టి అందులో చాలామంది చిన్న రొయ్యలు వేస్తారు. మనం బెంగళూరు వంకాయ అనే దాన్ని వాళ్లు మిర్లిటన్ అంటారు. దాని గుజ్జు తీసి రొయ్యలతో కలిపి మళ్లీ అందులోనే కూరతారు. క్యాప్సికమ్ కూడా అంతే. తెల్ల చిక్కుడు గింజల్లో రొయ్యలు వేసి వండటం అక్కడ ఇళ్లలో మామూలు. గంబో అంటే అన్నంతో తినే చిక్కటి పులుసు. చికెన్ గంబో అని రాసి ఉన్నా ఆ పులుసు దేనితో కాచారో ఆ అక్షరాలు చెప్పవు. వేయించిన చికెన్ నీకు ఇష్టమే కానీ, అదే నూనెలో అంతకుముందు రొయ్యలు వేయించి ఉంటే ఆ చికెన్ నీకు పనికిరాదు. ఆకుకూరల్లో పంది ఎముకో పొగబెట్టిన టర్కీయో ఉంటుంది, రాజ్మాలో ఆండూయీ అనే పంది మాంసం సాసేజ్ ఉంటుంది. మన ఇంట్లో పంది మాంసం తినరు. నువ్వు తినడం, తినకపోవడం నీ ఇష్టం. అందులో నేను కలగజేసుకోను. తెలిసి తిను, అంతే.

మీ నాన్న సంగతి నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. వాడు చెప్పుకునే మనిషి కాడు. 1999లో, నువ్వు ఇంకా పుట్టకముందు, మేము అదే రాష్ట్రంలోని బాటన్ రూజ్‌లో ఉన్న రోజుల్లో వాడు మమ్మల్ని చూడటానికి వచ్చాడు. భీమవరంలో పుట్టి రొయ్య పడనివాడు ఎలాంటివాడో నువ్వు ఊహించుకోగలవు. పెళ్లిళ్లలో, వనభోజనాల్లో బంధువులు వాణ్ని ఆటపట్టించేవారు. ఆ ఎగతాళికి తట్టుకోలేక చిన్నప్పటి నుంచే సంగతి దాచుకోవడం, పళ్లెంలో రొయ్యలు పక్కకు నెట్టేసి "కడుపు నిండింది" అనడం అలవాటు చేసుకున్నాడు. ఆ అలవాటునే న్యూ ఆర్లీన్స్ దాకా మోసుకొచ్చాడు.

మేమంతా కలిసి ఒక చిన్న భోజనశాలకు వెళ్లాం. గోడ మీది పలకపై చికెన్ గంబో అని చూసి అదే కావాలన్నాడు. మీ మామయ్య "ఇందులో రొయ్యలుంటాయేమో అడుగుదామా?" అంటే, "చికెన్ అని రాసి ఉందిగా బావా, ఎందుకు వాళ్లకు శ్రమ?" అన్నాడు. నాలుగు చెంచాలు తిన్నాడో లేదో, పై పెదవిని వేలితో రుద్దుకోవడం చూశాను. చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి. "ఏమైందిరా?" అంటే "ఏమీ లేదక్కా, కారం" అని నవ్వి, చేతులు కడుక్కుంటానని లేచి ఒంటరిగా బాత్రూమ్‌కు వెళ్లాడు. తప్పు గిన్నె తినడం ఒక తప్పయితే, అలా లేచి వెళ్లడం దానికి పదిరెట్ల తప్పు. నలుగురి ముందు అల్లరి కాకూడదని తలుపు గడియ వేసుకున్న మనిషికి లోపల గొంతు పూడుకుపోతే ఎవరికి తెలుస్తుంది?

మాకు వడ్డిస్తున్న పెద్దావిడ వాడి నడక చూసింది. నేను కుర్చీలోంచి లేచేలోగానే ఆవిడ ఆ తలుపు బాదుతూ, వంటగదిలోని కుర్రాణ్ని 911కి ఫోన్ చేయమని కేకేసింది. తలుపు తీసేసరికి వాడికి మాట రావడం లేదు, ఊపిరి ఈలలా వస్తోంది. అంబులెన్స్‌లోనే ఇంజక్షన్ ఇచ్చారు, ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచుకున్నారు. పులుసు పీత పెంకులూ రొయ్య పెంకులూ మరిగించి కాచినదట. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని, "నన్ను ఒక్క మాట అడిగి ఉంటే వేరే ఏదైనా పెట్టేదాన్ని కదా, బేబీ" అంది. అక్కడ పెద్దవాళ్లు అందరినీ అలాగే పిలుస్తారు. ముప్ఫై దాటిన నా తమ్ముడు ఆ పిలుపుకు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నీకు ఐదేళ్లప్పుడు తాతగారింట్లో ఎవరో తెలియక ఒక రొయ్య వేపుడు ముక్క నోట్లో పెడితే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నిన్ను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తిన మీ నాన్న ముఖంలో నేను చూసింది నీ గురించిన భయమొక్కటే కాదు. నీకూ ఆ మొహమాటం వచ్చిందేమోనని నాకు అనుమానం. "వాళ్లందరి ముందు ఏం అడుగుతాం అత్తయ్యా" అని మొన్న నువ్వన్నప్పుడు నాకు వాడి గొంతే వినబడింది. అది నీకు వద్దు తల్లీ. ఒంటికి పడనిది చెప్పుకోవడంలో సిగ్గుపడవలసింది ఏముంది?

అమెరికాలో ప్యాకెట్ల మీద ఇలాంటి పదార్థాల పేర్లు అచ్చువేయాలని 2004లో చట్టం వచ్చింది. అది రెస్టారెంట్ మెనూలకు వర్తించదు. అందువల్ల నోరు విప్పి అడగవలసింది నువ్వే. "ఇందులో సీఫుడ్ ఉందా?" అని మాత్రం అడగకు, ముక్కలు లేవు కనుక లేదంటారు. కూర్చోగానే, ఏదీ చెప్పకముందే, "నాకు రొయ్యలు, పీతలు, క్రాఫిష్ పడవు. తింటే ఆసుపత్రికి వెళ్లవలసి వస్తుంది. పులుసు ఏ స్టాక్‌తో కాచారు, వేయించే నూనె వేరేనా, వంటగదిలో కనుక్కుని చెప్పగలరా?" అని అడుగు. ఖచ్చితంగా చెప్పలేమంటే ఆ వంటకం వదిలేయి. ఎవరైనా పక్క బల్ల మీద కాగితాలు పరిచి ఉడికించిన క్రాఫిష్ గుమ్మరించుకుంటుంటే ఆ ఆవిరికి దూరంగా కూర్చో. మీవాళ్లు అవి తింటే, మళ్లీ కారు తలుపు, నీ ఫోను ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్ రాసుకుంటే ఆ పదార్థం చేతి నుంచి పోదు.

అడిగితే వాళ్లు చిన్నబుచ్చుకుంటారని అనుకోకు. ఆ పేటలోనే ఆర్లీన్స్ అవెన్యూలో 1941లో మొదలైన డూకీ చేజ్ భోజనశాల ఉంది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినకూడదన్న చట్టం ఉన్న రోజుల్లో, దాని మేడ మీది గదిలో పౌరహక్కుల ఉద్యమకారులు రెండు జాతుల వాళ్లూ కలిసి గంబో తింటూ సమావేశాలు జరుపుకున్నారు. వండిపెట్టిన లియా చేజ్ 2005లో కత్రినా తుఫాను వరద ఆ భోజనశాలను ముంచేసినా మళ్లీ తెరిపించింది. 96 ఏళ్ల వయసులో, 2019లో కన్నుమూసింది. వచ్చినవాళ్లకు కడుపు నింపడం ఒక గౌరవమని నమ్మిన వంటవాళ్ల పేట అది. నీకు ఏది పడుతుందో చెబితే వాళ్లు దాన్ని బట్టి శ్రద్ధగా పెడతారు.

భయపెట్టి నీ సరదా చెడగొట్టాలని కాదు ఇదంతా. స్మదర్డ్ చికెన్ ఉందేమో అడుగు. ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికమ్ తరుగుతో చికెన్‌ను గ్రేవీలో మెత్తగా మగ్గబెడతారు, అన్నంలో కలుపుకుంటే మనవాళ్లకు వెంటనే నచ్చుతుంది. ఆ గ్రేవీకి ప్రాణం 'రూ' అనే వేయించిన పిండి ముద్ద. మైదాను నూనెలో వేసి, బాటన్ రూజ్‌లో మా పక్కింటావిడ ఇనుప మూకుడు దగ్గర నుంచి కదలకుండా ముప్పావుగంట కలిపేది. తెలుపు తేనెరంగుకు, తేనెరంగు ముదురు గోధుమకు తిరిగేది. ఒక్క నల్ల చుక్క కనబడితే మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టేది. గ్రేవీకి నీళ్లు పోశారా, స్టాక్ పోశారా అని ఇక్కడ కూడా అడగాలి. తోడుగా వెన్న, దాల్చినచెక్క వేసి పాకంలో ఉడికించిన చిలగడదుంపలు, మెకరోనీ చీజ్ తీసుకో. చివర బ్రెడ్ పుడింగ్ తప్పకుండా తిను, నా పేరు చెప్పుకుని ఇంకో ముక్క తిను.

ఎపిపెన్లు, అదే ఒంటికి పడనిది తిన్నప్పుడు వెంటనే పొడుచుకునే ఆ ఇంజక్షన్ పెన్నులు, రెండూ నీ చేతిసంచిలోనే ఉండాలి. కారులో వదిలేస్తే ఎండకు మందు పాడవుతుంది. మీవాళ్లలో ఇద్దరికి ముందే చూపించు: తొడ బయటి వైపు, బట్టల మీద నుంచే పొడవాలి, వెంటనే 911కి ఫోన్ చేయాలి, నిన్ను నిలబెట్టకూడదు, నడిపించకూడదు. తగ్గిపోయినట్టున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, మళ్లీ తిరగబెట్టవచ్చు. పెదవి దురద పెడితే లేచి బాత్రూమ్‌కు వెళ్లకు. ఉన్నచోటే ఉండి పక్కవాళ్లకు చెప్పు.

ఆ ఎపిపెన్ పెట్టె మీద గడువు తేదీ ఈ వారంలోనే చూసి నాకు ఫొటో తీసి పంపు. దాటిపోయి ఉంటే కొత్తవి వెంటనే కొనుక్కో, డబ్బు నేను పంపిస్తాను. ఖరీదు చూసి ఆలోచించకు.

ఇట్లు,
నీ మేనత్త, హ్యూస్టన్